రెక్కల దారులు (6వ భాగం): కరాచీ నుంచి మద్రాసుకు, రాత్రికి బళ్ళారిలో మజిలీ

కిందటి భాగంలో లండన్ ఉత్తరం కరాచీ దాకా వచ్చి ఆగింది. 1911 ఫిబ్రవరి 18న ఆన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు అలహాబాదులో 6,500 ఉత్తరాలతో పైకి లేచి, యమున దాటి నైనీలో దిగాడని చెప్పుకున్నాం. ఆ ప్రయాణం ఆరు మైళ్ళు. మన దేశానికి అధికారిక విమాన టపా అన్న ముచ్చట ఆనాడే తీరింది కానీ, అది అక్కడితోనే ఆగిపోయింది. నిలకడైన కదలిక 1929 మార్చి 30న వచ్చింది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్–కరాచీ మధ్య వారానికొక విమానం నడపడం మొదలుపెట్టింది. క్రాయ్‌డన్ నుంచి బాసెల్ దాకా విమానం, ఇటలీతో పేచీ వల్ల బాసెల్ నుంచి జెనోవాకు రైలు, అక్కడి నుంచి అలెగ్జాండ్రియాకు నీటి విమానం, ఆపైన మళ్ళీ నేల మీద దిగే విమానం. మొత్తం 5,000 మైళ్ళు, ఏడు రోజులు. ఓడలో వచ్చే ఉత్తరానికి రెండు వారాల పైన పట్టే రోజుల్లో ఇది అద్భుతమే.

అద్భుతం కరాచీ వాళ్ళకు. మద్రాసు వాళ్ళకు కాదు.

లండన్ నుంచి మద్రాసుకు రాసిన ఉత్తరం ఒకటి ఊహించుకోండి. పెద్ద కొడుకు బారిష్టరు చదువుకు వెళ్ళాడు. పరీక్ష ఫీజు కట్టాలి, డబ్బు పంపమని తండ్రికి రాశాడు. ఎక్కువ తపాలా ఖర్చు పెట్టి విమానం బిళ్ళ అంటించాడు. ఆ ఉత్తరం ఏడు రోజుల్లో 5,000 మైళ్ళు దాటి కరాచీలో దిగింది. ఇక అసలు ఆలస్యం అక్కడ మొదలవుతుంది. కరాచీ నుంచి బొంబాయికి తిన్నగా పోయే రైలు మార్గం లేదు. సింధు ఎడారి చుట్టి, జోధ్‌పూర్ వైపు తిరిగి, గేజి మారిన చోటల్లా సంచులు ఒక బండి నుంచి ఇంకో బండికి మోసి గుజరాతులోకి రావాలి. లేదా స్టీమరు ఎక్కించాలి. అదీ దాదాపు రెండు రోజులు. బొంబాయి చేరాక మద్రాసు మెయిలు దొరకాలి. పుణే, షోలాపూర్, వాడి, రాయచూరు దాటి, గుంతకల్లు, తాడిపత్రి, కడప, రేణిగుంటల మీదుగా పోయే 794 మైళ్ళ దారి అది. రాయచూరు దాకా ఒక రైల్వేది, ఆపైన మరో రైల్వేది. రోజు పైచిలుకు ప్రయాణం. ఇక ఆ తండ్రి బెజవాడలోనో రాజమండ్రిలోనో ఉంటే సంచి మద్రాసులో దిగి, కలకత్తా మెయిలెక్కి మళ్ళీ ఉత్తరానికి రావాలి.

సముద్రాలు, ఎడారులు దాటడానికి ఏడు రోజులు. మన దేశంలోకి అడుగు పెట్టాక మిగిలిన కొసకు ఇన్ని రోజులు.

ఇది దూరం చేసిన అన్యాయం కాదు, గీత గీసినవాళ్ళ నిర్ణయం. ఆ రోజుల్లో ఐరోపా నుంచి తూర్పుకు పోయే ప్రతి విమాన సంస్థ కన్నూ కలకత్తా మీదనే. డచ్చి వాళ్ళ కె.ఎల్.ఎం. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జావాకు పోతోంది. ఫ్రెంచి వాళ్ళ ఎయిర్ ఓరియంట్ 1931 నుంచి సైగాన్ దాకా పోతోంది. ఇద్దరికీ కరాచీ, జోధ్‌పూర్, అలహాబాదు, కలకత్తా దారే. తమ వలస రాజ్యాలకు తాము వేగంగా చేరాలన్నది వాళ్ళ తాపత్రయం. ఆంగ్లేయులకు సింగపూరు, ఆస్ట్రేలియా కావాలి. తమ ఏలుబడిలోని దేశం మీదుగా డచ్చి విమానాలు ముందుగా దూసుకుపోతుంటే వాళ్ళకు నిద్రపట్టలేదు. ఇంపీరియల్ విమానాన్ని 1929 డిసెంబరులో ఢిల్లీ దాకా పొడిగించారు. ఆ ఏర్పాటు 1931 ఆఖరుతో ముగిసింది. ఈ మొత్తం పోటీలో వింధ్యకు దక్షిణాన ఉన్న దేశం ఎవరి పటంలోనూ లేదు. మద్రాసు ఒక రాజధాని. దాని కింద తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ జిల్లాలు కోట్ల జనాభాతో ఉన్నాయి. అయినా అవి దారిలో లేవు కనుక ఎవరికీ అక్కర్లేదు.

ఆ గీతను దక్షిణానికి తిప్పాలన్న ఆలోచన ప్రభుత్వానిది కాదు, ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌దీ కాదు. నెవిల్ విన్సెంట్ అనే దక్షిణాఫ్రికా వాడిది. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి బయటకు వచ్చిన మనిషి. 1929లో ఒక మిత్రుడితో కలిసి యుద్ధం నాటి పాత విమానాలు తీసుకుని మన దేశానికి వచ్చాడు. ఊరూరా జనాన్ని ఎక్కించుకుని ఆకాశంలో ఒక చుట్టు తిప్పి దింపేవాడు. అలా తిరుగుతూనే దేశం నేల ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ బురదో, ఏ ఊళ్ళో విమానం దిగే మైదానం ఉందో తెలుసుకున్నాడు. కరాచీకి వచ్చి ఆగుతున్న టపాను అందుకుని అహమ్మదాబాదు, బొంబాయి మీదుగా మద్రాసుకు చేరవేస్తే ఎలా ఉంటుందని ఒక పథకం రాసుకున్నాడు. డబ్బు కావాలి. డబ్బున్నవాళ్ళ తలుపులు తట్టాడు. చివరికి బొంబాయిలో టాటాల ఇంటి కుర్రవాడు ఒకరు దొరికారు.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. లోకం జె.ఆర్.డి. అని పిలుచుకున్న మనిషి. 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తల్లి ఫ్రెంచి స్త్రీ. బొంబాయి ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నేర్చుకుని 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు పుచ్చుకున్నారు. ఈ దేశంలో ఇచ్చిన ఆ లైసెన్సు మీది అంకె 1. చిన్నతనంలో ఫ్రాన్సు సముద్రతీరంలో సెలవులు గడిపిన చోట లూయీ బ్లేరియో కుటుంబం పొరుగున ఉండేది. ఇంగ్లిష్ చానెల్‌ను మొదట విమానంలో దాటిన బ్లేరియో ఆయనే. ఆ పొరుగు ఈ కుర్రవాడిని ఆకాశానికి అంటగట్టేసింది.

ఆయన ఎలాంటి మనిషో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1930లో ఆగాఖాన్ 500 పౌన్ల బహుమానానికి పోటీ జరిగింది. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపి, నెల రోజుల్లో ముందుగా చేరిన భారతీయుడికి ఆ డబ్బు. ముగ్గురు బరిలోకి దిగారు. మన్మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్ అటు నుంచి ఇటు, జె.ఆర్.డి. కరాచీ నుంచి అటు. ఆస్పీకి అప్పటికి పదిహేడేళ్ళు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర అబూకిర్ మైదానంలో జె.ఆర్.డి. దిగేసరికి ఆ కుర్రవాడు అక్కడే చిక్కుకుని ఉన్నాడు. ఇంజనుకు వేయడానికి స్పార్కు ప్లగ్గులు లేవు. జె.ఆర్.డి. తన దగ్గర అదనంగా ఉన్నవి తీసి ఇచ్చారు. ఆస్పీ ఎగిరిపోయి కరాచీ చేరాడు, కొద్ది గంటల తేడాతో బహుమానం గెలిచాడు. అదే ఆస్పీ ఇంజనీర్ తర్వాత స్వతంత్ర భారత వైమానిక దళాధిపతి అయ్యాడు. ప్లగ్గులు ఇవ్వకపోతే పందెం ఎవరిదో చెప్పనక్కర్లేదు. పోటీలో ఉన్నవాడికి పోటీదారుడే చెయ్యందించిన ఇలాంటి ఘట్టాలు ఈ ధారావాహికలో మళ్ళీ మళ్ళీ రావు. అందుకే దీన్ని దాటేసి పోలేకపోయాను.

విన్సెంట్ పథకం జె.ఆర్.డి.కి నచ్చింది. పెట్టుబడి 2 లక్షల రూపాయలు. ఇంటి పెద్ద సర్ దొరాబ్జీ టాటాకు మాత్రం ఈ గాలి వ్యాపారం మీద గురి కుదరలేదు. జె.ఆర్.డి.కి గురువులాంటివాడైన జాన్ పీటర్సన్ నచ్చచెప్పాక ఒప్పుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వంతో బేరం మొదలైంది. అది తెగడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది. లోకమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది, ఖజానాలో డబ్బు లేదని ఢిల్లీ అంటుంది. నష్టం వస్తే పూడ్చే సబ్సిడీ అడిగితే కుదరదంటుంది. విన్సెంట్ లెక్కలు తిరగరాస్తాడు, మళ్ళీ పంపుతాడు, మళ్ళీ వెనక్కి వస్తాయి. ఆఖరికి టాటాలు సబ్సిడీ మాటే వదిలేశారు. ఒక్కో ఉత్తరం మీద వసూలయ్యే విమానం రుసుములోంచి తమకు రావలసింది ఇస్తే చాలన్నారు. ఉత్తరాలు వస్తే డబ్బు, రాకపోతే లేదు. 1932 ఏప్రిల్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. జూన్ 3న దొరాబ్జీ టాటా జర్మనీలో కన్నుమూశారు. తాను అయిష్టంగానే ఒప్పుకున్న ఆ పని మొదలవడం ఆయన చూడలేదు.

సెప్టెంబరులోనే మొదలు కావలసింది. బొంబాయి వానలు ఆ పని కానివ్వలేదు. జుహూలో విమానం దిగే చోటు సముద్రం ఒడ్డున ఉన్న బురద నేల. ఎండితేనే పనికొస్తుంది. ఒక నెల ఆగారు.

1932 అక్టోబరు 15. కరాచీలో డ్రిగ్ రోడ్ విమాన మైదానం. ఉదయం 6:35.

మైదానంలో నిలబడిన విమానం పేరు పుస్ మాత్. డి హావిలాండ్ కంపెనీ తయారీ. ఒకే ఇంజను, 120 గుర్రాల బలం. రెక్కలు పైభాగాన ఉంటాయి, వాటి కింద చిన్న గది. ఇనుప గొట్టాల చట్రం మీద గుడ్డ బిగించి రంగు పూస్తారు. అందులో పైలటు, వెనక టపా సంచులు. ఆ ఉదయం ఎక్కించిన టపా 25 కిలోలు. లండన్ నుంచి ఇంపీరియల్ విమానంలో వచ్చిన ఉత్తరాలు అవి. రేడియో లేదు. కింద ఎక్కడ వాన పడుతోందో చెప్పేవాళ్ళు లేరు. జె.ఆర్.డి. దగ్గర ఉన్నది గాగుల్స్, లెక్కలు కట్టే స్లైడ్ రూలు. దిక్కు చూపడానికి దిక్సూచి, దాన్ని సరిచూసుకోవడానికి కింది నేల. గంటకు వంద మైళ్ళ వేగం. ఎదురుగాలి వస్తే అదీ తగ్గుతుంది.

కరాచీ నుంచి అహమ్మదాబాదుకు పటం మీద గీత గీస్తే అది సింధు నది పాయల మీదుగా, కచ్ రణ్ మీదుగా పోతుంది. దాదాపు 370 మైళ్ళు. అక్టోబరు నెలలో రణ్‌లో వానాకాలపు నీళ్ళు ఇంకా పూర్తిగా ఇంకవు. కింద ఉప్పునీరు, బురద, మనిషి జాడ లేని తెల్లని నేల. ఇంజను ఆగితే దిగడానికి చోటు లేదు. దిగినా వెతుక్కుంటూ వచ్చేవాడు లేడు. ఒంటి ఇంజను విమానంలో ఆ నాలుగు గంటలు కూర్చోవడానికి ఎంత గుండె కావాలో ఇప్పుడు మనకు ఊహకందడం కష్టం.

అహమ్మదాబాదు మైదానంలో పెట్రోలు పంపు లేదు. పెట్రోలు ఎద్దుల బండి మీద వచ్చింది. బర్మా షెల్ వాళ్ళ నాలుగు గ్యాలన్ల డబ్బాలు. డబ్బా మూత తెరిచి, గరాటులో మెత్తని తోలు వేసి, నీటి చుక్కా ఇసుక రేణువూ లోపలికి పోకుండా వడగట్టి పోయడం ఆనాటి పద్ధతి. ఒక డబ్బా పోసి, అది దిగేదాకా ఆగి, ఇంకో డబ్బా ఎత్తాలి. తొందరపడితే పెట్రోలు నేలపాలు, వడగట్టకపోతే ప్రాణం గాలిపాలు. గంటకు వంద మైళ్ళు పోయే యంత్రం, గంటకు రెండు మైళ్ళు నడిచే ఎద్దుల కోసం మైదానంలో నిలబడి ఉంది. ఆ రోజు మన దేశపు విమానయానం మొత్తాన్నీ ఈ ఒక్క దృశ్యంలో చూడవచ్చు.

అహమ్మదాబాదు నుంచి నర్మద, తపతి నదులు దాటి తీరం వెంట దక్షిణానికి. మధ్యాహ్నం 1:50కి జుహూలో దిగారు. కరాచీలో లేచిన దగ్గర నుంచి ఏడుంపావు గంటలు. అందులో గాలిలో గడిపింది ఆరున్నర గంటల చిల్లర. స్టీమరుకు రెండు రోజులు పట్టే దారి, తెల్లవారి లేచినవాడు మధ్యాహ్న భోజనం వేళకు చేరిపోయాడు.

జుహూలో ఇంకో పుస్ మాత్ సిద్ధంగా ఉంది. దాని పక్కన విన్సెంట్. మద్రాసు సంచులు అందులోకి మారాయి. పథకం ఆయనదే కనుక రెండో సగం ఆయనే నడిపారు. బొంబాయి దాటగానే పడమటి కనుమలు. ఆ గాలుల్లో చిన్న విమానం ఎగిరెగిరి పడుతుంది. అవి దాటాక దక్కను మెట్ట, కృష్ణ, తుంగభద్ర. గీత హంపికి దగ్గరగా పోతుంది. బొంబాయి నుంచి బళ్ళారికి 380 మైళ్ళ పైన, నాలుగు గంటలు. మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరినవాడికి అక్టోబరు పొద్దు అక్కడికే సరి. బళ్ళారిలో దిగక తప్పదు, రాత్రికి ఆగక తప్పదు. కింద దీపాలు లేవు, మైదానాల్లో దీపాలు లేవు, చీకట్లో ఎగరడం అంటే కొండకు గుద్దుకోవడమే.

బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని జిల్లా. తెలుగు, కన్నడం కలిసి వినబడే ఊరు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆ జిల్లా తాలూకాలే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ మూడూ మనకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. నాటక ప్రియులకు ఇంకో గుర్తు చెప్పాలంటే, ఆ రోజుల్లో బళ్ళారి రాఘవ గారు ఆ ఊళ్ళోనే వకీలుగా ఉండేవారు. కొండ మీది కోట, దాని కింద బట్టల బజారు, పత్తి మిల్లులు ఉన్న ఆ ఊరికి ఆకాశం నుంచి లండన్ సంచులు దిగాయి. గాలికి కొట్టుకుపోకుండా విమానాన్ని మోకులతో నేలకు కట్టేసి, సంచులకు కాపలా పెట్టి, పైలటు నిద్రపోయాడు. లండన్‌లో బయల్దేరిన ఉత్తరం ఎన్ని దేశాలు దాటినా, రాత్రి కాగానే బాటసారిలాగే ఎక్కడో ఒక చోట తల వాల్చాలి.

మర్నాడు అక్టోబరు 16. బళ్ళారి నుంచి మద్రాసుకు గీత గీసి చూడండి. అది అనంతపురం మీదుగా, కదిరి పక్కగా, తిరుపతికి కాస్త దక్షిణంగా పోతుంది. 265 మైళ్ళు. తెలుగు నేల మీదుగా సాగిన తొలి క్రమబద్ధ టపా విమానం దారి ఇదే. రాయలసీమ పొలాల్లో ఆ పొద్దున వేరుశనగ పీకుతున్న మనిషి తలెత్తి చూస్తే ఒక్క ఇంజను చప్పుడు, ఒక్క నీడ. మూడు గంటల్లోపు పని. విన్సెంట్ ఆ రోజే మద్రాసు చేరాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. కరాచీ నుంచి మద్రాసుకు నేరుగా కొలిస్తే దాదాపు 1,190 మైళ్ళు, అంటే 1,900 కిలోమీటర్లు. అహమ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి తాకుతూ పోతే 1,300 మైళ్ళ దరిదాపు. వంద మైళ్ళ వేగానికి 13 గంటలు. పుస్తకంలో లెక్క అంతే. కానీ ఉత్తరానికి పట్టింది ఒక పగలు, ఒక రాత్రి, మర్నాడు మళ్ళీ కొంత. ఆ తేడా అంతా నేల మీదే. ఎద్దుల బండి దగ్గర కొంత, జుహూలో సంచులు మార్చడంలో కొంత, బళ్ళారి చీకట్లో మిగతాదంతా. రెండు ఊళ్ళ మధ్య విమాన ప్రయాణానికి ఎంత సేపు పడుతుందన్నది ఆకాశంలో తేలే సంగతి కాదు. పెట్రోలు ఎక్కడుంది, దీపం ఎక్కడుంది, దిగనిచ్చేవాడు ఎవడు అన్న మూడు ప్రశ్నలకు నేల మీద దొరికే జవాబే ఆ కాలం. ఈ మాట ఆనాటికే కాదు. హైదరాబాదు నుంచి చెన్నైకి గాలిలో ముప్పావు గంట, గంట. టికెట్టు మీద రాసేది అంతకన్నా ఎక్కువ. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వంతు కోసం ఆగడం, దిగాక మళ్ళీ గేటు దాకా రావడం కూడా అందులో కలిపే రాస్తారు.

మూడో ప్రశ్న అన్నిటికన్నా మొండిది. ఈ టాటా విమానం మొదలైన నెలలోనే ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌కు అది ఎదురైంది. మూడేళ్ళుగా వాళ్ళ విమానాలు పర్షియా తీరం వెంట ఆగుతూ కరాచీ వచ్చేవి. పర్షియా ప్రభుత్వం ఇచ్చిన అనుమతి ముగిసింది, కొనసాగించడానికి ఒప్పుకోలేదు. 1932 అక్టోబరు నుంచి దారి మొత్తం గల్ఫ్ అవతలి ఒడ్డుకు, అరబ్బుల తీరానికి మారింది. షార్జాలో షేకుతో ఒప్పందం చేసుకుని దిగే చోటు, బస కట్టించుకున్నారు. ముత్యాల వేటతో బతికే ఆ చిన్న ఊరు అలా ప్రపంచ విమాన పటం మీదికి ఎక్కింది. కొండో సముద్రమో అడ్డం రాలేదు, ఒక సంతకం లేకపోవడం వల్ల దారి మారిపోయింది.

మళ్ళీ జుహూకు వద్దాం. ఆ తొలి ఏడాది టాటా ఏవియేషన్ సర్వీస్ ఆస్తి ఎంతని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు పుస్ మాత్‌లు, తాటాకు పాక, పైలట్లు ముగ్గురు, మెకానిక్కులు ముగ్గురు. జె.ఆర్.డి., విన్సెంట్ కాక మూడో పైలటు హోమీ భరూచా. విమానం వారానికి ఒకటి. సంచుల పక్కన చోటు మిగిలితే ఒక ప్రయాణికుణ్ణి ఎక్కించుకునేవారు. వాన పడితే జుహూ మైదానం సముద్రంలో కలిసిపోతుంది. అప్పుడు సామాను సర్దుకుని, విమానాలతో సహా అందరూ పుణేకు పోవలసిందే. అక్కడ యరవాడ జైలు గోడల పక్కనున్న మైదానంలో మకాం. పడమటి కనుమల మీద మేఘాలు కమ్ముకుని కింద ఏమీ కనబడని జూన్, జులై నెలల్లో కూడా టపా ఆగకూడదు. ఒప్పందం అలాంటిది, అంతకన్నా ఆ ఆరుగురి పట్టుదల అలాంటిది.

ఆగలేదు కూడా. మొదటి ఏడాదిలో 1,60,000 మైళ్ళు ఎగిరారు. 155 మంది ప్రయాణికులను, 9.72 టన్నుల టపాను చేరవేశారు. 60,000 రూపాయల లాభం వచ్చింది. పౌర విమానయాన శాఖ తన నివేదికలో ఈ సర్వీసు నూటికి నూరు పాళ్ళు వేళ తప్పకుండా నడిచిందని రాసింది. సబ్సిడీ ఇవ్వనన్న ప్రభుత్వమే ఆ మాట రాయవలసి వచ్చింది. నా లెక్కలో ఆ సంవత్సరపు అసలు విజయం లాభం కాదు, ఆ సమయపాలన. వేగంగా పోవడం ఏ సాహసికైనా ఒకసారి సాధ్యమే. ప్రతి వారం, ఎండలో, వానలో, చెప్పిన వేళకు చేరడం వేరే పని. మద్రాసు వర్తకుడు లండన్ ఉత్తరం ఫలానా రోజు వస్తుందని నమ్మి జవాబు రాసిపెట్టుకోగలిగాడు. వ్యాపారం నడిచేది ఆ నమ్మకం మీదే.

ఉత్తరాదిలో మాత్రం పెద్ద పీట ఇంపీరియల్‌దే. 1933లో కరాచీ–కలకత్తా దారి కోసం ఇండియన్ ట్రాన్స్‌కాంటినెంటల్ ఎయిర్‌వేస్ అనే సంస్థ పెట్టారు. పేరు ఇండియన్, అందులో సగానికి పైగా వాటా ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌ది. టాటాలు దక్షిణాన్నే నమ్ముకున్నారు. 1935లో బొంబాయి నుంచి త్రివేండ్రానికి నడిపారు. మద్రాసు దారిలో కొన్నాళ్ళకు బళ్ళారి స్థానంలో హైదరాబాదు వచ్చింది. 1938 ఫిబ్రవరి 28న, సామ్రాజ్యమంతటా మామూలు ఉత్తరాన్నే అదనపు రుసుము లేకుండా విమానంలో పంపే పథకం ఇక్కడికీ రావడంతో, ఆ దారి తిరుచిరాపల్లి మీదుగా కొలంబో దాకా సాగింది. ఆరేళ్ళ కిందట 25 కిలోలతో మొదలైన దారి అది.

విన్సెంట్ ఎక్కువ కాలం బతకలేదు. యుద్ధకాలంలో, 1942 జనవరిలో, ఇంగ్లండు నుంచి బయల్దేరిన వైమానిక దళ విమానంలో ఉండగా ఫ్రాన్సు తీరం దగ్గర అది కూలిపోయింది. మన దేశపు విమానయాన చరిత్రలో ఆయన పేరు చాలామందికి తెలియకుండా పోయింది. అది సరికాదు. దక్షిణానికి విమానం తెచ్చిన ఆలోచన ఆయనది, ఆ ఆలోచనకు మూడేళ్ళు కాపలా కాసింది ఆయన.

జె.ఆర్.డి. మాత్రం ఆ దారిని మరిచిపోలేదు. 1962లో, మళ్ళీ 1982 అక్టోబరు 15న, కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం తానే నడుపుకుంటూ వచ్చారు. రెండోసారికి ఆయన వయసు 78. 1962లో, 1982లో కరాచీ మైదానం ఆయనకు తలుపు తీసింది. మధ్యలో రెండు యుద్ధాలు జరిగినా తీసింది.

ఈనాడు ఆ దారి మూసి ఉంది. కరాచీ నుంచి చెన్నైకి నేరుగా విమానం లేదు, ముంబయికీ లేదు. ఒక దేశపు విమానాలు మరో దేశపు ఆకాశంలోకి రాకుండా 2025 ఏప్రిల్‌లో భారత్, పాకిస్థాన్ ప్రభుత్వాలు నిషేధించుకున్నాయి. జెట్ విమానానికి రెండున్నర గంటలు చాలే 1,900 కిలోమీటర్ల దూరానికి గల్ఫ్ దాకా పడమరకు పోయి, అక్కడ విమానం మారి, మళ్ళీ తూర్పుకు తిరిగి రావాలి. దుబాయి మీదుగా లెక్కిస్తే 4,000 కిలోమీటర్లు దాటుతుంది. 1932లో ఎద్దుల బండి పెట్రోలుతో నడిచిన దారి కన్నా ఇది రెండింతల దూరం.

వచ్చే భాగంలో బళ్ళారిని వదిలి బేగంపేటకు వెళ్దాం. నిజాం రాజ్యంలో విమానాలు ఎలా దిగాయి, 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఎలా పుట్టింది, ఇతర సంస్థలు వద్దన్న ప్రేమ్ మాథుర్ అనే మహిళకు ఆ సంస్థ పైలట్ ఉద్యోగం ఎలా ఇచ్చింది, యుద్ధంలో వాడిన డకోటాలు హైదరాబాదు–మద్రాసు ప్రయాణాన్ని ఎంతకు కుదించాయి అన్నది ఆ భాగం కథ. ఆ తర్వాత నాగపూర్. బళ్ళారిలో విన్సెంట్‌ను ఆపిన చీకటిని 1949 జనవరి 30న మొదలైన రాత్రి విమాన టపా ఎలా దాటిందో అక్కడ చెప్పుకుందాం.

(సశేషం)